నది ఒడ్డు అడవికి అమ్మకం బోర్డు

మార్చి చివరి ఆదివారం నాడు, వై నది ఒడ్డున నేను ఎప్పుడూ నడిచే అడవి గేటుకు ఒక బోర్డు కట్టి ఉంది. అమ్మకానికి అన్న ఒక్క మాట, మొత్తం 31 ఎకరాలు అన్న లెక్క, ఏజెంటు ఫోన్ నంబరు తప్ప దాని మీద మరేమీ లేదు. రెడ్‌బ్రుక్ ఊరికీ బిగ్స్‌వెయిర్ వంతెనకూ నడుమ, నదికి తూర్పు గట్టున, ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ వైపు నిటారుగా లేచే వాలు మీద ఉన్న అడవి అది. అవతలి గట్టు వేల్స్. పదకొండేళ్లుగా ఆ దారిన నడుస్తున్నాను. ఆ అడవికి ఒక యజమాని ఉన్నాడనీ, ఆయన ఏదో ఒక రోజు దాన్ని అమ్ముకోవచ్చుననీ నాకు తెలియక కాదు. కానీ తెలిసిన సంగతే బోర్డు రూపంలో ఎదురైతే కలిగే కలవరం వేరు.

ఇంటికి వచ్చి అమ్మకపు పత్రం తెప్పించుకుని చదివాను. పడమటి హద్దు నది. వై నది బిగ్స్‌వెయిర్ దాకా సముద్రపు పోటుకు లోబడి ఉంటుంది కనుక అక్కడి వరకు నదిగర్భం సాధారణంగా రాజరికానిది. ఆ పైన పోటు తగలని భాగంలో, దస్తావేజులో మరో విధంగా రాసి ఉంటే తప్ప, గట్టు ఎవరిదో నది మధ్యరేఖ దాకా అడుగు నేల కూడా వారిదేనని ఇంగ్లండు చట్టం భావిస్తుంది. అందువల్ల సగం నదిలో చేపలు పట్టే హక్కు కూడా ఈ అమ్మకంలో భాగం. తూర్పున పాత కట్ట, ఉత్తరాన ఒక వాగు, దక్షిణాన పచ్చిక బీడు. ప్రజలు నడిచే కాలిబాట యథాతథంగా ఉంటుంది, ఎవరు కొన్నా దాన్ని మూసే అధికారం వారికి ఉండదు. కరెంటు లేదు, నీటి కొళాయి లేదు, ఇల్లు కట్టుకునే అనుమతి లేదు. కలప విలువ గురించి రెండు పేరాలు ఉన్నాయి. వీటన్నిటి మధ్య, మ్యాపు కింద చిన్న అక్షరాల్లో, ఇది 'ప్రాచీన అడవుల జాబితా'లో నమోదైన అడవి అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ 31 ఎకరాల విలువంతా నా దృష్టిలో ఆ వాక్యంలోనే ఉంది, ఏజెంటు మాత్రం దాన్ని నిబంధనల పట్టికలో చివరి అంశంగా పెట్టాడు.

ఇంగ్లండులోనూ వేల్సులోనూ 1600 నాటి నుంచి ఎడతెగకుండా అడవిగా ఉన్న నేలనే ప్రాచీన అడవి అంటారు. స్కాట్లాండులో ఆ లెక్క 1750 నుంచి. 1600 అన్నది ఊరికే పెట్టిన గీత కాదు. అంతకు ముందు ఈ దేశంలో చెట్లు నాటి అడవులు పెంచడం చాలా అరుదు కాబట్టి, ఆనాటికే అడవిగా ఉన్నది ఎవరూ నాటకుండా దానంతట అది పెరిగిందే అయి ఉండాలన్నది దాని వెనుక ఉన్న తర్కం. బ్రిటన్ నేలలో ఇప్పుడు అటువంటి అడవి రెండున్నర శాతం దాకా మాత్రమే మిగిలి ఉంది. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ప్రాచీన అడవి అంటే అందులోని ప్రతి చెట్టూ ప్రాచీనమని కాదు. ఇక్కడి చెట్లలో చాలావాటికి ముప్పావు శతాబ్దం మించి వయసు ఉండదు. ప్రాచీనమైనది నేల. నాగలి ఎరుగని ఆ మట్టిలో ఉండే శిలీంధ్రాలు, గింజలు, దుంపలు, పురుగులు ఒకదానితో ఒకటి అల్లుకుని స్థిరపడటానికి శతాబ్దాలు పట్టింది. చెట్లు నరికితే మళ్లీ పెంచవచ్చు. ఈ మట్టిని తవ్వి పోసుకుంటే తిరిగి తయారు చేయడం ఎవరి వల్లా కాదు.

ఆ నేల వయసును చెప్పే సాక్షులు వసంతంలో కంటికి కనిపిస్తాయి. బోర్డు చూసిన రోజున వుడ్ అనిమోనీ పూలు పూసి ఉన్నాయి. ఆరేడు తెల్లని రేకలు, నడుమ పసుపు కేసరాలు, ఎండ ఉంటే విప్పారి, మబ్బు పడితే తల వాల్చే పూలు. ఈ మొక్క గింజలతో వ్యాపించడం తక్కువ. నేలలో అడ్డంగా పాకే దుంప ద్వారా, నూరేళ్లకు సుమారు ఆరడుగుల చొప్పున ముందుకు జరుగుతుందని ఇక్కడి వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. కాలిబాట రెండో మలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఆ పూల పరుపు ఈ చివర నుంచి ఆ చివరికి ఎన్ని అడుగులు ఉందో లెక్కపెట్టాను. నలభై దాటింది. ఆ పరుపు అంతా ఒకే మొక్క నుంచి వచ్చిందని నేను చెప్పలేను. అయినా నూరేళ్లకు ఆరడుగులు నడిచే ప్రాణి ముందు కూర్చున్నప్పుడు, మూడు వారాల్లో ధర చెప్పమంటున్న ఆ పత్రం నాకు మరీ తొందరపాటుగా తోచింది.

మరో సాక్షి లైమ్ చెట్టు. పేరు విని నిమ్మ జాతి అనుకోకూడదు, దీనికీ నిమ్మకూ ఏ బంధుత్వమూ లేదు. చిన్న ఆకుల లైమ్ గింజ కట్టి మొలకెత్తాలంటే మంచి వెచ్చని వేసవి కావాలి. బ్రిటన్ చలిలో అది అరుదు. కనుక ఒక అడవిలో పెద్ద లైమ్ మోడు ఉన్నదంటే అది అక్కడికి కొత్తగా వచ్చింది కాదని అర్థం. నది నుంచి యాభై గజాల ఎత్తున అటువంటి మోడు ఒకటి ఉంది. దూరం నుంచి చూస్తే ఏడెనిమిది చెట్లు గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడినట్టు ఉంటుంది. దగ్గరకు వెళితే అన్నిటి వేళ్లూ ఒకే పీఠంలో కలిసిపోయి కనిపిస్తాయి. ఎన్నిసార్లు నరికినా మళ్లీ మళ్లీ పిలకలు వేస్తూ, మధ్యభాగం కుళ్లి మట్టిలో కలిసిపోగా, అంచులో మిగిలిన ఒకే చెట్టు అది. లోపలి ఖాళీలో నేను నిలబడి రెండు చేతులూ చాపినా దుంగలు అందవు.

ఎన్నిసార్లు నరికినా అన్నాను. ఈ అడవి విషయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. ఇటువంటి చోటును చూసి మనిషి చేయి పడని అడవి అని మురిసిపోయేవారిని చాలామందిని చూశాను, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. నిజం దానికి పూర్తిగా విరుద్ధం. మనుషులు తరతరాలుగా దీన్ని నరుకుతూ వచ్చారు గనుకనే ఇది అడవిగా మిగిలింది.

నది దిగువన టింటర్న్ మఠాన్ని 1131లో స్థాపించారు. 1536లో ఎనిమిదో హెన్రీ ఆ మఠాన్ని మూయించి, దాని భూములను వూస్టర్ ప్రభువు సోమర్సెట్ వంశానికి ఇచ్చాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకే టింటర్న్ లోయలో ఇనుప తీగ లాగే కార్ఖానా వెలిసింది. ఉన్ని దువ్వే బల్లలకు పళ్లుగా బిగించడానికి తీగ కావాలి, ఆ తీగకు మెత్తని సాగే ఇనుము కావాలి, ఆ ఇనుముకు కట్టె బొగ్గు కావాలి. పదిహేడో శతాబ్దంలో అవతలి గట్టున వైట్‌బ్రుక్‌లో మరో తీగ కార్ఖానా, ఆ శతాబ్దం చివరికి ఇటు రెడ్‌బ్రుక్‌లో రాగి కొలుములు వచ్చాయి. కొలుములు ఉన్నచోట అడవులు తుడిచిపెట్టుకుపోతాయని మనం అనుకుంటాం. ఇక్కడ జరిగింది అది కాదు. ఏటా బొగ్గు అందాలంటే ఏటా కట్టె అందాలి. అందుకని అడవిని వంతులుగా విభజించి, పదిహేనేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒకసారి ఒక్కో వంతును మోడు దాకా నరికి, పిలకలను పశువులు మేయకుండా కట్టలు పోసి కాపాడారు. అడవిని గోధుమ పొలంగా మార్చడం కన్నా అడవిగా ఉంచడమే యజమానికి లాభంగా ఉండేది. ఇంగ్లండు అడవుల చరిత్రను తిరగరాసిన ఆలివర్ రాకమ్ జీవితకాలం పాటు నొక్కి చెప్పిన సంగతి ఇదే: కొలుములూ ఓడల నిర్మాణమూ ఈ దేశపు అడవులను మింగేశాయన్నది కథ, వాటిని మింగినది నాగలి. వై లోయలో వాలు పొడవునా ఇంత అడవి మిగలడానికి, వాలు నాగలికి లొంగకపోవడం ఒక కారణమైతే కొలుముల ఆకలి మరో కారణం.

ఆ బొగ్గు గుర్తులు ఇంకా ఉన్నాయి. వాలు మీద అక్కడక్కడ, పెద్ద గది అంత వెడల్పున, కొండను తొలిచి చదును చేసిన గుండ్రని వేదికలు కనిపిస్తాయి. కట్టెలను కుప్పగా పేర్చి, పైన మట్టీ గడ్డీ కప్పి, గాలి సరిగా ఆడనివ్వకుండా రోజుల తరబడి కాల్చి బొగ్గు చేసిన చోట్లు అవి. బూటు మడమతో ఆకుల పొర తొలగిస్తే చాలు, చుట్టుపక్కల ఎర్రమట్టి ఉన్నా అక్కడ నేల కాటుక నలుపు. మొన్న ఒక చోట చుంచు తవ్విపోసిన మట్టిలో వేలి గోరంత బొగ్గు ముక్క దొరికింది. చేతిలో పెట్టుకుని చూస్తే అందులో కట్టె వలయాలు స్పష్టంగా ఉన్నాయి, ఎనిమిది లెక్కపెట్టగలిగాను. ఎవరో ఎనిమిదేళ్లకు పైగా పెంచి నరికిన పిలక అది.

నది అంచునే మరో గుర్తు ఉంది. నీటికి రెండు గజాల ఎత్తున, గట్టు వెంబడి, మనిషి ఒక్కడు నడవగలిగినంత సన్నని చదును సాగుతుంది. ఒకప్పుడు సరుకు పడవలను ప్రవాహానికి ఎదురుగా మనుషులే గుంపుగా తాళ్లు భుజాన వేసుకుని లాగేవారు. ఓక్ బెరడు ఈ దారిన దిగువకు పోయేది, తోళ్లు పదును చేసేవారికి దాని అవసరం ఎంతైనా ఉండేది.

ఇంతటి చరిత్ర ఉన్న అడవిని అసలు అమ్మడమే తప్పని నేను అనను. మఠం నుంచి ప్రభువుకు, ప్రభువు నుంచి కొలుముల వారికి, వారి నుంచి కలప వ్యాపారులకు చేతులు మారుతూనే ఇటువంటి అడవులు బతికాయి. ప్రభుత్వం చేతిలో ఉంటే భద్రం అని కూడా చెప్పలేను. మొదటి ప్రపంచ యుద్ధంలో కలప కరువై, 1919లో ఫారెస్ట్రీ కమిషన్ ఏర్పడ్డాక, ఆ తరువాతి దశాబ్దాలలో ప్రాచీన అడవులను ఎన్నింటినో నరికేసి, కొన్నింటికి విషం పెట్టి మరీ, వరుసలుగా శంఖాకార చెట్లు నాటింది ప్రభుత్వ శాఖే. విశాలపత్ర అడవులను కాపాడాలన్న విధానం 1985లో గాని రాలేదు. అయినా 2010లో అప్పటి ప్రభుత్వం ఇంగ్లండులోని ప్రజల అడవులను అమ్మజూపినప్పుడు ఐదు లక్షల మందికి పైగా వద్దని సంతకాలు చేశారు. 2011 ఫిబ్రవరిలో మంత్రి పార్లమెంటులో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకుని, తప్పు జరిగిందని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ సంతకాలు పెట్టినవారిని నేను గౌరవిస్తాను. కానీ ప్రైవేటు అడవులు మాత్రం ఏటా పత్రికల వెనుక పేజీల్లో నిశ్శబ్దంగా అమ్ముడవుతూనే ఉంటాయి, వాటి కోసం ఎవరూ సంతకం పెట్టరు.

నా భయం అమ్మకం గురించి కాదు, ముక్కలు చేయడం గురించి. పత్రం చివర ఒక వాక్యం ఉంది: మొత్తంగా గాని, ఐదు భాగాలుగా గాని. మ్యాపు మీద ఆ ఐదు భాగాలనూ ఐదు రంగుల్లో చూపించారు. నది వెంబడి సన్నని పట్టీ మొత్తం రెండు భాగాలు. వాలు మూడు భాగాలు. నది ముఖం ఉన్న ముక్కకు ధర ఎక్కువ పలుకుతుంది, వారాంతంలో కుర్చీ వేసుకుని కూర్చోవడానికి, గాలం వేయడానికి అందరూ అడిగేది అదే. అందుకే కోత మొదట పడేది అడవికీ నదికీ మధ్యనే. ఈ అడవిలో విడదీయకూడనిది ఏదైనా ఉంటే అది సరిగ్గా ఆ అతుకే. వాలు మీద ఊరే నీరు బుగ్గలై, సన్నని కాలువలై, ఆల్డర్ చెట్ల వేళ్ల నడుమ నుంచి నదిలోకి దిగుతుంది. ఆల్డర్ వేళ్లలో బుడిపెలు ఉంటాయి, వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తాయి. ఆ వేళ్లే గట్టును కోత నుంచి కాపాడతాయి, ఆ కొమ్మల నీడే వేసవిలో నీటిని చల్లగా ఉంచుతుంది. సాల్మన్ చేపకు చల్లని నీరు ప్రాణం. పైగా ఎగువ పొలాల నుంచీ కోళ్ల ఫారాల ఎరువు నుంచీ కొట్టుకువచ్చే ఫాస్ఫేటుతో ఈ నది ఎంత నలిగిపోయిందో ఇక్కడ అందరికీ తెలుసు. 2023లో ప్రభుత్వ ప్రకృతి సంస్థ నేచురల్ ఇంగ్లండ్ వై నది స్థితిని 'ప్రతికూలం, ఇంకా క్షీణిస్తున్నది' అని నమోదు చేసింది. అటువంటి నదికి గట్టున మిగిలిన అడవిని చదును చేసి, కనుచూపుకు అడ్డమని ఆల్డర్లను కొట్టేసే కొనుగోలుదారు ఒక్కడు వచ్చినా చాలు.

చట్టం లేదా అంటారేమో. ఉంది. లైసెన్సు లేకుండా మూడు నెలలకు ఐదు ఘనపు మీటర్ల కలప మించి నరకకూడదు, అందులో అమ్ముకోదగినది రెండు ఘనపు మీటర్లే. ఇల్లు కట్టడానికి అనుమతి రావడం దాదాపు అసాధ్యం. కానీ గట్టు మీద నాలుగు ఆల్డర్లు కొట్టడానికి ఆ ఐదు ఘనపు మీటర్లు సరిపోతాయి. అంతకన్నా ముఖ్యంగా, పట్టించుకోకుండా వదిలేయడాన్ని ఏ చట్టమూ ఆపలేదు. ఈ అడవిలో చాలా భాగం కొన్ని దశాబ్దాలుగా నరకలేదు. హేజెల్ పొదలు బలిసి, నేల చీకటై, పూలు తగ్గుతున్నాయి. మళ్లీ నరికితే వచ్చే పిలకలను జింకలు తినేస్తాయి. జింకలను అదుపు చేయాలంటే వాలు మొత్తానికీ ఒకే పథకం ఉండాలి. ఆరెకరాల ముక్కల్లో ఐదుగురు యజమానులు ఐదు రకాలుగా ఆలోచిస్తే జింక ఒక ముక్కలో నుంచి పక్క ముక్కలోకి నడిచి పోతుంది. యాష్ చెట్ల తెగులు సంగతీ అంతే. 2012లో బ్రిటన్‌లో మొదటిసారి బయటపడిన ఆ శిలీంధ్రం ఈ లోయలో కొమ్మలను మోళ్లుగా మార్చింది. కాలిబాట మీదికి ఒరిగిన ఎండు యాష్‌ను దించడం ప్రమాదకరమైన పని, ఖర్చుతో కూడిన పని. వారాంతపు కుర్చీ కోసం ముక్క కొన్నవారు దానికి సిద్ధపడి కొంటారని నేను అనుకోను. చిన్న ముక్క కొన్న ప్రతివాడూ చెడ్డవాడని నా ఉద్దేశం కాదు. తమ ఆరెకరాల్లో శ్రద్ధగా హేజెల్ నరికి, కంచెలు అల్లి, పూలను తిరిగి రప్పించిన దంపతులను నేనే ఎరుగుదును. వారి శ్రద్ధకు నా నమస్కారం. కానీ అటువంటివారు ఐదుగురు ఒకేసారి ఒకే వాలు మీద దొరకాలని ఆశించడం అడవిని జూదంలో ఒడ్డడమే.

నలభై ఏళ్లు ఈ లోయలో చెట్లు నరికి బతికిన ఒక పెద్దాయన మా వీధి చివర ఉంటారు. పత్రం పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని ఆ ఐదు రంగుల మ్యాపును చాలాసేపు చూసి, పెన్సిల్‌తో దాని మీద అడ్డంగా ఒక గీత గీశారు. కలపను కిందికి దించే పాత బండిబాట అది. పై మూడు ముక్కల్లో రెండింటికి ఆ బాట తప్ప వేరే దారి లేదనీ, అది నది పట్టీలో నుంచే పోతుందనీ, పట్టీ వేరే చేతిలో పడితే పై అడవిలో నరికిన కట్టె అక్కడే కుళ్లుతుందనీ చెప్పారు. పత్రం తయారు చేసినవారు ఆ బాటను చూపించనే లేదు.

ఇంగ్లండులో 2011 నాటి లోకలిజం చట్టం ఒక అవకాశం ఇస్తుంది. ఊరివారు ఒక స్థలాన్ని సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయమని కౌన్సిల్‌ను కోరవచ్చు. నమోదైతే, యజమాని అమ్మదలచినప్పుడు ఊరివారు కొనే ఆసక్తిని తెలియజేస్తే, డబ్బు కూడదీసుకోవడానికి ఆరు నెలల గడువు వస్తుంది. ఆ గడువు తర్వాత యజమాని ఎవరికి అమ్మినా అడ్డు చెప్పే హక్కు మాత్రం మనకు లేదు. స్కాట్లాండులో ఊరివారికి ఇంతకన్నా బలమైన కొనుగోలు హక్కు 2003 నుంచీ ఉంది. నది ఇవతల మాకు ఈ ఆరు నెలలే దిక్కు. దరఖాస్తు పెట్టడానికి సంఘం రిజిస్టర్ అయి ఉండనక్కరలేదు, స్థానిక ఓటర్ల జాబితాలో ఉన్నవారు 21 మంది ఉంటే చాలు. గత గురువారం చర్చి పక్క హాలులో సమావేశమైనప్పుడు ఇరవై పేర్లు తేలాయి. కామన్వెల్త్ దేశాల పౌరులకు ఇక్కడ ఓటు హక్కు ఉంది కనుక ఇరవయ్యొకటో పేరు నాది.

కౌన్సిల్ నిర్ణయానికి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా ఒప్పందం కుదిరిపోతే మా దరఖాస్తు వృథా. అందుకే యజమానికి వేరుగా ఒక ఉత్తరం రాశాం: మాకే అమ్మమని కాదు, ఎవరికి అమ్మినా ముక్కలు చేయకుండా అమ్మమని. పెద్దాయన గీసిన బండిబాట గీతను మ్యాపు మీద సిరాతో దిద్ది ఆ ఉత్తరానికి జత చేశాం. బొగ్గు వేదికలను కూడా గుర్తించి పెడితే దరఖాస్తుకు బలం వస్తుందని ఆయనే అన్నారు. ఇప్పటికి ఏడు దొరికాయి, వాటిలో మూడు రెండు రంగుల సరిహద్దు గీత మీదనే పడుతున్నాయి. ఈ శనివారం ఉత్తరపు వాగు వైపు వెతకాలి, వసంతంలో నీలి పూలు పూసే బ్లూబెల్ మొక్కల ఆకులు మోకాలెత్తు పెరిగి నేలను కప్పేలోగానే.